మా చిన్నది ఆపుకోవడం నేర్చుకుంది

ఈ సంగతి రాయడానికి నాకు కాస్త బిడియంగానే ఉంది. పదిమందిలో కూర్చుని మాట్లాడుకునే విషయం కాదు మరి. పిల్లలకి జ్వరమొస్తే చెప్పుకుంటాం, దగ్గొస్తే చెప్పుకుంటాం, పళ్ళు పుచ్చినా చెప్పుకుంటాం. అయిదేళ్ళు దాటిన ఆడపిల్ల పగటిపూట బట్టలు తడుపుకుంటోందని, లోపలి బట్టలకి మరకలు చేసుకుంటోందని ఎవరితో చెప్పుకుంటాం? నేనైతే మా అమ్మతో కూడా చెప్పలేదు. ఆరునెలలపాటు గుట్టుగా ఉతికి, పెరట్లో దండెం మీద చీర చాటున ఆరేశాను. మీ ఇంట్లో కూడా అలాంటి దండెం ఉంటే ఈ నాలుగు మాటలూ మీకోసమే.

మాది రాజమండ్రి. మాకిద్దరూ ఆడపిల్లలే. పెద్దది నన్ను పెద్దగా ఏడిపించకుండానే పెరిగింది. చిన్నది 2017లో పుట్టింది. 2022 జూన్‌లో దాన్ని యు.కె.జి.లో వేశాం. ఆగస్టులో ఒకరోజు సాయంత్రం బడినుంచి వస్తూనే "అమ్మా, ఒంటికి పోస్తే మండుతోంది" అంది. వేడి చేసిందనుకున్నాను. మన ఇళ్ళల్లో మూత్రం మంట అంటే మొదట గుర్తొచ్చేది వేడే కదండీ! బార్లీ కాచి ఇచ్చాను. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాను. మా అత్తగారు బొడ్డులో ఆముదం వేశారు. రెండోరోజు రాత్రికి నూటరెండు డిగ్రీల జ్వరం, వణుకు. తెల్లారీ తెల్లారకుండా పిల్లల డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాం.

ఆయన మందు రాయబోయేముందే మూత్రం పట్టి కల్చర్‌కి పంపించారు. మందు పడ్డాక పడితే క్రిమి దొరకదట. మొదట కాస్త వదిలేసి, మధ్యలో వచ్చేది శుభ్రమైన సీసాలో పట్టాలి. రిపోర్టు రెండురోజులకి వచ్చింది. ఈ.కోలై అనే క్రిమి, మిల్లీలీటరుకి లక్షకు పైనే ఉంది. అది ఎక్కడినుంచో వచ్చింది కాదట, మన పేగుల్లో మామూలుగా ఉండేదే. ఆడపిల్లలకి మూత్రం వచ్చే దారి పొట్టి, పైగా మలద్వారానికి దగ్గర. అందుకే సులువుగా పైకి పాకేస్తుంది. యాంటీబయాటిక్ వాడాం. మూడోరోజుకి జ్వరం పోయింది. వారంలో పిల్ల మళ్ళీ గెంతులేసింది. గండం గడిచిందనుకున్నాను.

గడిచింది నాకే. దానికి ఆ మంట గుర్తుండిపోయింది. పోస్తే మండుతుంది, పోయకపోతే మండదు. అయిదేళ్ళ పిల్ల లెక్క అది. మంట తగ్గిపోయినా లెక్క మారలేదు. దానికి తోడు బళ్ళో బాత్‌రూమ్ సంగతి ఒకటి. గడియ విరిగిపోయి ఉంటుంది, నేలంతా తడి. క్లాసు మధ్యలో అడిగితే టీచరు "ఇంటర్వెల్‌లో వెళ్ళు" అంటుంది. ఇంటర్వెల్‌లో అక్కడ పెద్దపిల్లల తోపులాట. ఇక మా చిన్నది ఏం చేస్తుంది? ఆపుకోవడం నేర్చుకుంది.

అప్పట్లో నాకు ఇదేమీ తెలియదు. నాకు కనిపించినవి వేరు. ఆడుకుంటూ ఆడుకుంటూ హఠాత్తుగా కూలబడి, ఒక మడమ ఒంటికిందికి నొక్కిపెట్టి కూర్చునేది. కాళ్ళు మెలేసుకుని నుంచునేది. "ఒంటికొస్తోందా?" అంటే "ఊహూఁ" అనేది. అలా అన్న రెండు నిమిషాలకే బాత్‌రూమ్‌కి పరుగు, గడప దగ్గరికి వెళ్ళేసరికి సగం అయిపోయేది. పొద్దున లేచిన పిల్ల మధ్యాహ్నం దాకా ఒంటికి వెళ్ళేది కాదు. బట్టలకి మరకలు చూసి సరిగ్గా కడుక్కోవడం లేదనుకున్నాను. మావారు "చిన్నపిల్ల కదా, అదే పోతుందిలే" అనేవారు. మగవాళ్ళకేం, ఉతికేది మనం!

అక్టోబరులో మళ్ళీ మంట, మళ్ళీ మందు. నవంబరులో మా ఆడపడుచు వాళ్ళింట్లో గృహప్రవేశం. చిన్నదానికి పసుప్పచ్చ పట్టులంగా కట్టి, జడకుచ్చులు పెట్టి తీసుకెళ్ళాను. భోజనాల వేళ వసారా స్తంభం పట్టుకుని కదలకుండా నుంచుంది. దగ్గరికెళ్ళి చూద్దును కదా, లంగా కుచ్చెళ్ళు తడిసి నేలమీద మడుగు. చుట్టూ చుట్టాలు. ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. దాన్ని రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళి తొడమీద రెండు దెబ్బలు వేశాను. "ఇంకోసారి ఇలా చేస్తే వాత పెడతాను" అన్నాను. అది ఏడవలేదు. నావైపు చూసి "నాకు తెలీలేదమ్మా" అంది. "తెలీకుండా ఎలా వస్తుందే?" అన్నాను నేను.

ఆ మాట మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తాను దానిదగ్గరికి.

ఇంటికొచ్చాక నా తెలివితేటలు చూపించాను. నీళ్ళు తాగితేనే కదా తడిపేది? బడికి సీసా సగమే నింపేదాన్ని. సాయంత్రం నాలుగు దాటితే గ్లాసు ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. కావలిస్తే పాలు తాగమనేదాన్ని. అది పాలు, బిస్కెట్లతోనే కడుపు నింపుకునేది. ఒకరోజు మా అత్తగారు వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ, "అమ్మాయ్, దీనికి దొడ్డికి సాఫీగా అవుతున్నట్టు లేదు. ముందు ఆ సంగతి చూడవే" అన్నారు. "రోజూ వెళ్తూనే ఉంది అత్తయ్యా. బట్టలకి కూడా అవుతోంటే ఇంక మలబద్ధకమేమిటి?" అన్నాను. చదువుకున్న కోడలిని కదా!

2023 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి మూడోసారి వచ్చింది. ఈసారి జ్వరంతోపాటు వాంతులు, నడుము పక్కన నొప్పి. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నాం. అప్పుడు డాక్టరుగారు "ఇలా మళ్ళీ మళ్ళీ జ్వరంతో వస్తే మూత్రపిండాలమీద మచ్చలు పడే ప్రమాదం ఉందమ్మా. విశాఖపట్నం తీసుకెళ్ళి పిల్లల మూత్రవ్యాధుల స్పెషలిస్టుకి చూపించండి" అని చీటీ రాసిచ్చారు. మూత్రపిండం అనే మాట విన్నాక నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఫిబ్రవరిలో రత్నాచల్ ఎక్కాం. దారిలో భయమని దానికి డయపర్ వేశాను. "నేను పాపాయిని కాదు" అని తుని దాకా ఏడ్చింది.

అక్కడి డాక్టరు ఆడమనిషి. ఆవిడ మూత్రం సంగతి మొదట అడగనేలేదు. ఎన్నాళ్ళకోసారి దొడ్డికి వెళ్తుంది, గట్టిగా ఉంటుందా, ముక్కుతుందా, ఎప్పుడైనా కమోడ్‌లో అడ్డం పడేంత లావుగా వచ్చిందా... అన్నీ ఇవే ప్రశ్నలు. నేను "రోజూ వెళ్తుందండీ" అంటూనే ఉన్నాను. ఆవిడ ఒక బొమ్మల అట్ట తీసి పిల్ల ముందు పెట్టింది. ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊళ్ళోని ఆసుపత్రి డాక్టర్లు తయారుచేసిన పట్టిక, 1997లో వచ్చిందట. మలం తీరును బట్టి ఏడు బొమ్మలుంటాయి. మొదటిది మేకపెంటికల్లా విడివిడి ఉండలు. నాలుగోది మెత్తగా, నున్నగా, ఉండాల్సినట్టు. ఏడోది నీళ్ళు. "నీది ఏదమ్మా?" అని అడిగితే మా చిన్నది సిగ్గుపడకుండా మొదటి బొమ్మమీద వేలు పెట్టింది. కాసేపాగి ఏడోదాని మీద కూడా పెట్టింది. నాకు తెలియని సంగతి అది వేలుపెట్టి చూపించింది.

తర్వాత బోర్లా పడుకోబెట్టి నడుము కింద వెన్నుదగ్గర గుంటగానీ, వెంట్రుకల కుచ్చుగానీ ఉన్నాయేమో చూసింది. కాళ్ళ బలం చూసింది, నడిపించింది. నరాల లోపం ఉంటే కూడా ఇలా అవుతుందట, అది లేదని తేల్చుకోవడానికి. ఆ తర్వాత స్కానింగు. ఒంటికి పోసుకొచ్చాక మళ్ళీ చూస్తే మూత్రాశయంలో ఇంకా 70 మిల్లీలీటర్లు మిగిలి ఉంది. పిల్లల వయసుకి ఒకటి కలిపి ముప్ఫైతో హెచ్చవేస్తే వాళ్ళ మూత్రాశయం పట్టే కొలత సుమారుగా వస్తుందట. అంటే అయిదేళ్ళకి 180. అందులో మూడోవంతు పైన లోపలే నిలవ! దాని వెనకాల మలాశయం నాలుగు సెంటీమీటర్ల వెడల్పుకి ఉబ్బి ఉంది. మూడు దాటితేనే నిండిపోయిందని అనుమానిస్తారట.

ఆవిడ కాగితంమీద బొమ్మ వేసి ఓపిగ్గా చెప్పింది. నాకు అర్థమైనంతలో మీకు చెప్తాను. మూత్రాశయం, మలాశయం ఇరుకు గదిలో పక్కపక్కన పెట్టిన రెండు సంచుల్లాంటివి. ఒకటి బిగుసుకుపోతే రెండోదానికి చోటుండదు. నిండకుండానే నిండినట్టు అనిపిస్తుంది, హఠాత్తుగా తన్నుకొస్తుంది. ఆ రెండింటినీ మూసి ఉంచే కండరాలు కూడా ఇంచుమించు ఒకటే. మంట భయంతో పిల్ల ఒకదాన్ని బిగబట్టడం మొదలుపెడితే రెండోదీ బిగుస్తుంది. నెలల తరబడి బిగించి బిగించి, పోయడానికి కూర్చున్నా వదలడం మరిచిపోతుంది. కుళాయి కట్టేసి మోటారు వేసినట్టన్నమాట. పూర్తిగా ఖాళీ కాదు. మిగిలిన మూత్రం నిలవ నీరే కదా, క్రిములు పెరుగుతాయి. మళ్ళీ ఇన్‌ఫెక్షను, మళ్ళీ మంట, మళ్ళీ బిగింపు.

"మరి బట్టలకి అవుతోంది కదండీ, మలబద్ధకం ఎలా అవుతుంది?" అని అక్కడ కూడా అడిగాను. గట్టి ఉండ లోపల కూర్చుండిపోతే, పైనుంచి వచ్చే పల్చటిది దాని పక్కల్నుంచి జారిపోతుందట. రోజూ నేను చూస్తున్నది అదీ. చాలాకాలం సాగిపోయిన పేగుకి నిండిన స్పర్శ తెలియదు. "ఆ పిల్ల కావాలని చేయడం లేదమ్మా. దానికి నిజంగా తెలియదు" అంది ఆవిడ, మామూలుగా.

నాకు ఆ పెరడు, పసుప్పచ్చ పట్టులంగా గుర్తొచ్చాయి. ఆవిడ ఎదురుగానే ఏడ్చేశాను. ఆవిడకిది అలవాటేననుకుంటాను, టేబుల్ మీద ఉన్న కాగితపు రుమాళ్ళ పెట్టె నావైపు జరిపింది.

జ్వరాలు రెండుసార్లు వచ్చాయి కాబట్టి ఎం.సి.యు. అనే పరీక్ష కూడా చేశారు. సన్నని గొట్టంతో మందు పంపి, పిల్ల మూత్రం పోస్తుంటే ఎక్స్‌రేలు తీస్తారు. పిల్లకి కష్టమే, చూసే తల్లికి ఇంకా కష్టం. ఎడమవైపు మూత్రం కొంచెం వెనక్కి, మూత్రపిండం వైపు ఎగదన్నుతోందని తేలింది. అయిదు స్థాయిల్లో రెండోది. ఈ స్థాయిలో ఉన్నవి పెరిగేకొద్దీ చాలామందికి వాటంతటవే సర్దుకుంటాయట, కానీ ఈ బిగబట్టే అలవాటు, మలబద్ధకం పోకపోతే ఆలస్యమవుతుందట. రాత్రిళ్ళు చిన్న మోతాదులో యాంటీబయాటిక్ కొన్నాళ్ళు ఇచ్చారు. ఆపరేషనేమీ అక్కర్లేదన్నారు. అసలు మందు మీరే ఇవ్వాలమ్మా అన్నారు.

ఆ అసలు మందు ఏమిటంటే, ముందు పొట్ట ఖాళీ చేయడం. పాలిఎథిలీన్ గ్లైకాల్ అనే పొడి నీళ్ళలో కలిపి ఇవ్వాలి. మొదటి మూడురోజులు ఎక్కువ మోతాదు. ఆ మూడురోజులూ బడి మాన్పించి ఇంట్లోనే పెట్టుకున్నాను. ఆ పిల్ల పొట్టలో అంత ఉందంటే నేను నమ్మలేదు, చూశాక నమ్మాను. మా అత్తగారు ఒక్కమాట కూడా "నేను చెప్పలేదుటే" అనలేదు. అదే ఆవిడ గొప్పతనం. తర్వాత రోజూ తక్కువ మోతాదు, నెలల తరబడి. ఇక్కడ నేనో తప్పు చేశాను, మీరు చేయకండి. ఆరువారాలకి చక్కగా వెళ్తోంది కదా, రోజూ మందేస్తే పేగుకి అలవాటైపోతుందేమోనని నా అంతట నేనే ఆపేశాను. నెల తిరక్కుండా మళ్ళీ మరకలు. ఫోన్ చేస్తే డాక్టరమ్మ కోప్పడింది. ఆ పొడి ఒంటికి పట్టదట, మలంలో నీరు ఆరిపోకుండా చూస్తుందంతే. సాగిన పేగు మళ్ళీ తన కొలతకి రావడానికి నెలలు పడుతుంది, అందాకా ఆపకూడదు, ఆపేటప్పుడు కూడా కొంచెం కొంచెం తగ్గించాలి. మోతాదు మాత్రం పిల్ల బరువు చూసి డాక్టరే చెప్పాలి. పక్కింటివాళ్ళ డబ్బా అరువు తెచ్చి వేసేది కాదు.

రెండోది కూర్చునే తీరు. మా ఇంట్లో వెస్ట్రన్ కమోడ్. పెద్దవాళ్ళకి హాయే, పిల్లకి కాళ్ళు గాల్లో వేలాడతాయి. కాళ్ళకి ఆనుడు లేకపోతే పడిపోతామేమోనని తొడలు బిగుస్తాయి, తొడలు బిగిస్తే అన్నీ బిగుస్తాయి. వంటింట్లో మూలపడి ఉన్న ముక్కాలిపీట కాళ్ళకింద పెట్టాను, పైన చిన్నపిల్లల రింగు వేశాను. చెడ్డీ మోకాళ్ళ దగ్గర ఆపేయకుండా పూర్తిగా తీసేసి, కాళ్ళు ఎడంగా పెట్టి, కాస్త ముందుకి వంగి కూర్చోవాలి. టిఫిను తిన్నాక, రాత్రి అన్నం తిన్నాక పదినిమిషాల్లోపు కూర్చోబెడితే పేగులు వాటంతటవే కదులుతాయి. వచ్చినా రాకపోయినా అయిదు నిమిషాలు, అంతే. ముక్కమని తొందర పెట్టకూడదు. బూర ఊదమని చెప్పింది డాక్టరమ్మ. నవ్వుకున్నాను గానీ, బుగ్గలు పూరించి ఊదుతుంటే కింద పట్టు దానంతటదే వదులుతుంది. మా బాత్‌రూమ్‌లో ఒక ఏడాదిపాటు సీకాయ డబ్బా పక్కన బుడగల పొట్లం ఉండేది. పండక్కి వచ్చిన చుట్టాలు చూసి ఏమనుకున్నారో ఏమో!

ఇక ఒంటికి. వచ్చినా రాకపోయినా రెండు మూడు గంటలకోసారి వెళ్ళాలి. "వస్తోందా?" అని అడగకూడదు, లేదనే చెప్తారు. "టైమయింది" అనాలి. అయిపోయాక లేచి ఇరవై లెక్కపెట్టి, మళ్ళీ ఒకసారి కూర్చోవాలి. మిగిలింది ఆ రెండోసారికి వస్తుంది. కడిగేటప్పుడు ముందునుంచి వెనక్కి. నీళ్ళు తగ్గించడం మాట అటుంచి, రోజుకి లీటరు పైనే తాగించమంది, ఎక్కువ భాగం పగటిపూట. నేను చేసిందానికి పూర్తిగా తలకిందులు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, మలం గట్టిపడుతుంది. ఆ సగం సీసా తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

తిండి సంగతి మీకు నేను చెప్పేదేముంది. పాలు రెండు గ్లాసులకి తగ్గించాను, బిస్కెట్ల డబ్బా అటకెక్కించాను. సాయంత్రం జామకాయో బొప్పాయి ముక్కలో. తోటకూర పప్పంటే మూతి తిప్పేది, అదే కూర సన్నగా తరిగి పెసరట్టు పిండిలో కలిపేస్తే గుటుక్కున తినేసింది. బీరకాయ తొక్కు పచ్చడి కూడా నేతిముద్దలో పడితే దిగిపోతుంది. అయితే ఒక మాట. లోపల గట్టి ఉండ కూర్చున్న పిల్లకి ముందు అది పోకుండా ఉత్త పీచు తిండి పెట్టి లాభంలేదు. ఆముదాలు పట్టించడం కూడా వద్దంది ఆవిడ.

అన్నిటికన్నా కష్టమైంది బడి. డాక్టరమ్మ రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ చదివి "ఒక్క పిల్లకోసం రూల్ మారిస్తే అందరూ అడుగుతారండీ" అంది. "అడగనివ్వండి" అన్నాను, నాకే ఆశ్చర్యమేసేంత గట్టిగా. ఆడపిల్లలకీ మగపిల్లలకీ విడివిడిగా మరుగుదొడ్లుండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోనే ఉంది. 2012లో సుప్రీంకోర్టు కూడా అన్ని బళ్ళలో ఆరునెలల్లో నీళ్ళు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయమంది. ఉండడం ఒకటి, వెళ్ళనివ్వడం ఒకటి. 2019లో కేరళలో బళ్ళలో పిల్లలు నీళ్ళు తాగడానికని ప్రత్యేకంగా గంట కొట్టడం మొదలుపెట్టారని పేపర్లో చదివినప్పుడు బాగుందనుకున్నాను. ఆ తాగిన నీళ్ళు పోవడానికి కూడా ఒక గంట ఉండాలిగా! చివరికి క్లాసు టీచరే మంచిది. మా చిన్నదానికి ఒక ఎర్ర అట్టముక్క ఇచ్చింది. అడగక్కర్లేదు, అది బల్లమీద పెట్టి వెళ్ళిపోవడమే. గడియ మావారు వెళ్ళి బిగించి వచ్చారు. సంచిలో ఎప్పుడూ ఒక జత బట్టలు ఉండేవి, పై బొత్తాలన్నీ ఉన్న మామూలు సంచి, ఎవరికీ తెలియకుండా.

ఒక నోటుబుక్కులో రోజూ రాసేదాన్ని: ఎన్నిసార్లు వెళ్ళింది, ఎంత పోసింది, ఏ బొమ్మ. తడిపిన రోజులకి ఏమీ అనేదాన్ని కాదు. పొడిగా ఉన్నందుకు కాదుగానీ, టైముకి వెళ్ళి కూర్చున్నందుకు ఒక నక్షత్రం. తడపడం దాని చేతుల్లో లేదు, కూర్చోవడం ఉంది. 2023 ఏప్రిల్‌లో వారానికి పది తడుపులున్నాయి. దసరాకి రెండు. మధ్యలో ఒక పెళ్ళికి అయిదురోజులు ఊరెళ్తే పాతదంతా తిరగబెట్టింది. 2024 వేసవికి పూర్తిగా పోయింది. ఆ ఏడాది చివర్లో స్కానింగు చేస్తే పోశాక మిగిలింది ఎనిమిది మిల్లీలీటర్లు. పొడి ఇంకో నాలుగునెలలు వాడి, తగ్గిస్తూ తగ్గిస్తూ ఆపాం. 2023 జనవరి తర్వాత మళ్ళీ ఇన్‌ఫెక్షను రాలేదు.

మా వీధి చివర ఇంటావిడ ఈమధ్య వాళ్ళ మనవడి గురించి చెప్తూ "వెధవకి బద్ధకం. ఆటలోంచి లేవడు, చెడ్డీలో కానిస్తాడు. రెండు తగిలిస్తేగానీ దారికి రాడు" అంది. నేను ఇదంతా ఆవిడకి చెప్పుకొచ్చాను. పట్టులంగా సంగతి కూడా. ఎందుకో దాచాలనిపించలేదు. మా చిన్నది గుమ్మంలో కూర్చుని హోమ్‌వర్కు చేసుకుంటోంది, వింటోందనుకోలేదు. ఆవిడ వెళ్ళాక "అమ్మా, నన్ను నిజంగా కొట్టావా?" అంది.

"కొట్టానే. నీ తప్పేమీ లేదు. నాకు తెలీక కొట్టాను."

కాసేపు పెన్సిలు కొరుక్కుంటూ ఆలోచించింది. "నాకూ తెలీలేదుగా అప్పుడు" అని, "ఆకలేస్తోంది, ఏమైనా పెట్టు" అంది. జామకాయ కోసి ఉప్పూకారం జల్లి ఇచ్చాను.